చీటీ లేని కట్టు

2022 ఏప్రిల్. పలాస నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో, జీడితోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆసుపత్రి పేరు చెప్పను, అక్కడ ఇంకా నా తోటివాళ్ళు పనిచేస్తున్నారు. కింద ఓపీ, క్యాజువాలిటీ, వాటి మధ్య నా డ్రెస్సింగ్ గది. మేడ మీద డయాలసిస్. కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఆసుపత్రి అంటే మేడ మీద గది ఎప్పుడూ నిండే ఉంటుంది. నేను సోంపేట నుంచి రెండు బస్సులు మారి ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండేదాన్ని.

నా ఉద్యోగంలో సగం కట్టు కట్టడం, సగం రాయడం. బయటివాళ్ళకి మొదటి సగమే కనిపిస్తుంది. కొట్లాట, యాక్సిడెంటు, విషం, కాలిన గాయం, పోలీసులకి సంబంధం ఉండే ఏ కేసు వచ్చినా ఎంఎల్‌సీ రిజిస్టరులో రాయాలి. మెడికో లీగల్ కేసు అన్నమాట. మనిషి ఎన్నింటికి వచ్చాడు, గాయం ఎంత పొడవు, ఎంత లోతు, ఎవరు కొట్టారని చెబుతున్నాడు, అతన్ని ఎవరు తీసుకొచ్చారు, అన్నిటికీ గళ్ళు ఉంటాయి. వాటిని బట్టే డాక్టరు గారు వూండ్ సర్టిఫికెట్ ఇస్తారు. గాయాల పత్రం. రిజిస్టరులో లేని గాయం కోర్టు లెక్కలో లేదు. ఈ సంగతి నాకు ట్రైనింగులోనే నూరిపోశారు.

అన్నీ తెలిసి కూడా మా డ్రెస్సింగ్ గదిలో ఒక అలవాటు ఉండేది. ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ ఉంటుంది, ఎవరూ ఒప్పుకోరు. ఓపీ చీటీ కోసం లైనులో నిలబడితే గంట పడుతుంది. ఈలోగా ఆయమ్మ మనవరాలి మోకాలు, ఆటో డ్రైవరు వేలు, పేషెంటుతో వచ్చిన వాళ్ళ చిన్నాచితకా దెబ్బలు మేం చీటీ లేకుండానే కడిగి కట్టు కట్టి పంపించేస్తాం. ఏ పుస్తకంలోనూ ఉండదు. వాడిన గాజుగుడ్డ ఇంకెవరి లెక్కలోనో కలిసిపోతుంది. దాన్ని నేను పద్దెనిమిదేళ్ళు మంచితనం అనుకున్నాను.

ఆ మంగళవారం పదకొండున్నరకి గుమ్మం ముందు ఆటో ఆగింది. ముప్ఫై ఏళ్ళు దాటని ఒక బక్కమనిషి, తనకంటే బరువైన ఇంకో మనిషిని భుజం మీద వేసుకుని లోపలికి వచ్చాడు. మోసుకొచ్చిన మనిషి ముఖం నిండా రక్తం.

"సచ్చిపోతాడమ్మా. బేగి సూడండి" అన్నాడు.

డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. తల మీద చీలిక, ఎడమ కంటి చుట్టూ ఎముక విరిగి కన్ను కనపడకుండా వాచిపోయింది. నేను సెలైన్ పెట్టి రిజిస్టరు తెరిచాను. మోసుకొచ్చినవాడే వివరాలు చెప్పాడు. దెబ్బలు తిన్నది ఎర్రయ్య, నలభై రెండేళ్ళు, అక్కుపల్లి వైపు మనిషి, టెక్కలి దారిలో ఒక ఇటుకబట్టీకి కాపలాదారు. తీసుకొచ్చినవాడి పేరు అడిగితే "దండాసి, బట్టీలోనే పని" అన్నాడు. ఎలా తగిలిందని అడిగేలోపు డాక్టరు గారు పిలిచారు. "తీసుకొచ్చినవారు" అన్న గడిలో "దండాసి, తోటి పనివాడు" అని రాసి లేచాను. తోటి పనివాడు అని అతను అనలేదు. ఖాళీగా ఉంటే బాగోదని నా అంతట నేనే రాశాను.

తిరిగి వస్తుంటే నేల మీద రక్తపు అడుగులు కనిపించాయి. ఎర్రయ్య రక్తమే అనుకున్నాను కానీ అన్నీ కుడి పాదానివే. దండాసి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ప్యాంటు అంచు తడిసి ఉంది.

"కాలికి ఏటయింది?" అన్నాను.

"ఏటీ నేదమ్మా. ముందు ఆయన్ని సూడండి."

"ఆయన్ని డాక్టరు గారు చూస్తన్నారు. నువ్వు కూకో."

"నాకు సీటీ నేదమ్మా."

"నీ చీటీ ఎవడడిగినాడు? కూకో ముందు."

చీలమండ మీద ఒక గుడ్డపేలిక చర్మానికి అతుక్కుపోయి ఉంది. సెలైన్‌తో తడిపి మెల్లగా తీశాను. గాయం ఒక పక్కన లేదు, కాలి చుట్టూతా ఉంది, కడియం వేసినట్టు. కొంత మానింది, మానినచోట మళ్ళీ తెగింది, అడుగున నల్లగా కట్టిన చర్మం, పైన పచ్చి మాంసం. తుప్పు రేణువులు కూడా ఉన్నాయి. పడితే తగిలే దెబ్బ అలా ఉండదు. ఒక్కరోజులో అయ్యేది అసలే కాదు.

"ఇదేటి, తాడా?"

"గొలుసమ్మా. మోటారు సైకిలు గొలుసు."

"ఎవరేసినారు?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే క్యాజువాలిటీ నుంచి "సిస్టర్, ఇంకో సూచర్ సెట్" అని కేక. కుట్లు వేసే సామాను. నేను గబగబా మందు వేసి, తెల్లటి రోలర్ బ్యాండేజీ నీటుగా చుట్టి, ఆ పేలికని కాల్చడానికి పంపే పసుపు బుట్టలో పారేసి వెళ్ళిపోయాను. నాలుగున్నర నిమిషాల పని. ఎక్కడా రాయలేదు.

కుట్లు అవుతుండగా, మేం పంపిన కబురు అందుకుని హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చారు. ఆయన మాకు బాగా తెలిసిన మనిషి. వారానికి రెండుసార్లు వాళ్ళ అమ్మగారిని మేడ మీదకి డయాలసిస్‌కి తీసుకొస్తారు. వరండాలో నిలబడి "ఎవరు కొట్టినారయ్యా ఈ మనిషిని?" అని అడిగారు.

"నానే బాబూ" అన్నాడు దండాసి.

ఆటో డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. మా ఆయమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టేసింది. ఇంత తాపీగా ఒప్పుకున్నవాణ్ణి హెడ్డు గారు కూడా చూసి ఉండరు. దండాసి అక్కడే నిలబడి, అడిగినదానికి అడిగినట్టు చెప్పాడు.

వాళ్ళది ఇచ్ఛాపురం అవతల, సగం తెలుగు సగం ఒడియా మాట్లాడే ఊరు. ఆరు కుటుంబాలు సీజను మొదట్లో అడ్వాన్సు తీసుకుని బట్టీకి వచ్చాయి. ఫోన్లు లాక్కున్నారు. గేటుకి తాళం వేశారు. సంతకి కూడా ఒకరిని పంపి మిగతావాళ్ళని ఉంచేవారు. మామ చనిపోయాడని తెలిసి దండాసి పెళ్ళాన్ని తీసుకుని పారిపోతే రైల్వే స్టేషను దగ్గర పట్టుకుని వెనక్కి తెచ్చారు. అప్పటి నుంచి పని అయ్యాక అతని కాలికి గొలుసు, పొద్దున పనిలోకి దిగేటప్పుడు తీసేవారు. ఆ రోజు పెళ్ళానికి జ్వరం, మాట తేడాగా వస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్తాను, గేటు తీయమని ఎర్రయ్యని అడిగాడు. ఎర్రయ్య తీయనన్నాడు. దండాసి ఇటుక పోసే చెక్క అచ్చుతో కొట్టాడు.

"రెండు దెబ్బలు కొట్టినాను బాబూ. మొదటి దెబ్బకే తాళాలు ఒగ్గీసినాడు."

"మరి రెండోది దేనికి?"

"ఆ రెండోది ఎందుకు కొట్టినానో నాకే తెల్దు" అన్నాడు.

తాళం తీసి ఆరు కుటుంబాలనీ ఆటోల్లో పలాస స్టేషనుకి పంపించేశాడు. పెళ్ళాన్ని కూడా వాళ్ళతోనే పంపి, బరంపురంలో డాక్టరుకి చూపించమన్నాడట. తను కూడా ఎక్కితే మధ్యాహ్నానికి రాష్ట్రం దాటిపోయేవాడు.

"నువ్వెందుకు ఎల్నేదు?" అని హెడ్డు గారు అడిగారు, నిజంగా అర్థంకాక.

"ఎలా ఎల్తాను బాబూ. ఆ మనిషి నేల మీదున్నాడు కాదేటి."

డాక్టరు గారు ఎర్రయ్యని శ్రీకాకుళం పంపమన్నారు. 108లో తోడు నేనే వెళ్ళాలి. నేను అటు వెళ్ళాక ఇక్కడ దండాసిని అరెస్టు చేసి, రిమాండుకి పంపేముందు చేసే వైద్య పరీక్ష మా డాక్టరు గారి చేతే చేయించారు. అది మామూలు పద్ధతే. అప్పటికి ఓపీలో ఎనభై మంది ఉన్నారు. కాలికి శుభ్రమైన కట్టు కనిపించింది. ఇదేమిటని డాక్టరు గారు అడిగితే పక్కన ఎవరో "ఇటుక పడిందంట సార్" అన్నారు. కట్టు విప్పలేదు. "తాజా గాయాలు లేవు" అని రాసి సంతకం పెట్టారు. నేను అంత నీటుగా కట్టి ఉండకపోతే, రక్తం కారుతున్న కాలితో ఆ మనిషిని నిలబెట్టి ఉంటే, ఆయన చూసి ఉండేవారు. ఇది నాకు రెండు నెలల దాకా తెలియలేదు.

ఈలోగా మా ఆసుపత్రిలో వేరే భాగోతం మొదలైంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేడ మీద మంగళ, శుక్రవారాలు డయాలసిస్‌కి వచ్చేవాళ్ళలో కూర్మారావు మాస్టారు ఒకరు. సోషల్ టీచరుగా రిటైరయ్యారు. నాలుగు గంటలు మిషను మీద కదలకుండా పడుకోవాలి కాబట్టి ఆయనకి నోరు తప్ప వేరే కాలక్షేపం లేదు. హెడ్డు గారు వాళ్ళ అమ్మగారితో వచ్చి ఆ పక్కనే కూర్చునేవారు. ఇక చూసుకోండి.

"ఇంగ్లీషోళ్ళ మీద కత్తి ఎత్తినవోడికి మనం ఇగ్రహం కట్టినాం. మనిషి కాలికి గొలుసేసిన ఈ బట్టీవోడి మీద సెయ్యెత్తినవోడు దోషి ఎలాగవుతాడయ్యా?" అని మాస్టారు.

"అప్పుడు కోర్టులు మనవి కావు మాస్టారూ. ఇప్పుడు సట్టం ఉంది, లేబరాఫీసుంది, మేమున్నాం. వచ్చి సెప్పుకోవాల" అని హెడ్డు గారు.

"గేటుకి తాళం, కాలికి గొలుసు, సేతిలో ఫోను నేదు. ఏ పావురం కాలికి కట్టి పంపమంటావు అర్జీ?"

ఈ తగువు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. నా చిన్నప్పటికి చాలా ముందే ఇక్కడి కొండల్లో షావుకార్ల మీద, భూస్వాముల మీద తుపాకులు పట్టినవాళ్ళున్నారు. వాళ్ళ స్తూపాలు ఇప్పటికీ ఉద్దానం ఊళ్ళలో కనిపిస్తాయి. ఒక ఇంటివాళ్ళు దండ వేసి దణ్ణం పెడతారు, పక్కింటివాళ్ళు ఆ పేరు ఎత్తితే తలుపు వేసుకుంటారు. యాభై ఏళ్ళుగా తేలని లెక్కని వీళ్ళిద్దరూ నా మేడ మీద మంగళ, శుక్రవారాల్లో తేల్చేద్దామని కూర్చున్నారు.

తగువు మేడ దిగి ఊళ్ళోకి వెళ్ళింది. కాశీబుగ్గ నుంచి ఒక సంఘం వాళ్ళు వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దండాసి ఫోటో పెట్టి "బానిస సంకెళ్ళు తెంచిన వీరుడు" అని ఫ్లెక్సీ కట్టారు. అది కట్టింది మా అంబులెన్సు తిరిగే చోట. మర్నాడు బట్టీ యజమాని తాలూకు వాళ్ళు వచ్చి ఎదురుగా ఇంకోటి కట్టారు. దాని మీద "ఉగ్రవాదులకు అండగా నిలిచేవారు సిగ్గుపడాలి" అని ఉంది. ఉగ్రవాది అట. గేటు తాళం తీసి, తను కొట్టిన మనిషిని తనే భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చిన ఉగ్రవాది. ఒక టీవీ చానెల్ అమ్మాయి మైకు పట్టుకుని నా డ్రెస్సింగ్ గదిలోకి వచ్చేసి, "మేడమ్, మీ దృష్టిలో దండాసి ఎవరు, వీరుడా, నేరస్థుడా?" అని అడిగింది. అప్పుడు నా చేతిలో ఒక ముసలమ్మ చీముపట్టిన వేలుంది. "చెప్పులు బయట విడిచి రండి" అన్నాను. అది వాళ్ళు టీవీలో వేయలేదు.

ఇంతమంది ఇన్నిసార్లు అడిగారు కానీ, ఆ కాలు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ఎర్రయ్య కన్ను ఎలా ఉందని కూడా అడగలేదు.

ఎర్రయ్య కన్ను పోయింది. విశాఖపట్నంలో తీసేశారు. నెల తరువాత డ్రెస్సింగుకి మా దగ్గరకే రావడం మొదలుపెట్టాడు, భార్య లచ్చమ్మ చెయ్యి పట్టుకుని. మొదటిరోజు లచ్చమ్మ ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచి లోపలికి వచ్చింది.

"మా ఆయన కన్ను తీసినోడు ఈరుడంట, సూసినారా సిస్టరమ్మా?" అంది. "మరి మా ఆయనేటి? రాచ్చసుడా?"

ఎర్రయ్యని కుర్చీలో కూర్చోబెట్టి పాత దూది తీశాను. అతను సముద్రం మీద పుట్టి పెరిగినవాడు. రెండేళ్ళుగా చేప సరిగ్గా పడక, ఒక సీజను బట్టీలో కాపలా ఉండి మళ్ళీ పడవ ఎక్కుదామనుకున్నాడట.

"నీటి రంగు మారితే సాలు, అడుగున ఏ గుంపుందో సెప్పీసీవోణ్ణి" అన్నాడు. "ఇప్పుడు ఒడ్డు ఎంత దూరముందో తెలట్నేదమ్మా. గ్లాసు అందుకుందామంటే పక్కకెల్తంది సెయ్యి."

అలా నాలుగైదుసార్లు వచ్చాక ఒకరోజు, లచ్చమ్మ మందుల కోసం వెళ్ళినప్పుడు, నేను అడగకుండానే చెప్పాడు.

"ఆ గొలుసు నానే ఏసీవోణ్ణమ్మా. ఓనరు సెప్పినాడు, నాను ఏసినాను. తాళంసెవి నా మొలతాడుకే ఉండీది. పొద్దున్న తీసినప్పుడల్లా ఆడు నా మొకంకేసి సూడకుండా కాలు సాపీవోడు. ఆడు తిట్టినా బాగుణ్ణు."

"ఈ మాట పోలీసులకి సెప్పినావేటి?" అన్నాను.

"అడగనేదు. అడిగితే మాత్రం సెప్తానేటి? ఓనరు మందులు కొంటన్నాడు" అన్నాడు. అప్పుడే లచ్చమ్మ వచ్చింది, మాట ఆగిపోయింది.

జూన్ నెలాఖర్లో కార్మిక శాఖ నుంచి ఒక ఆఫీసరు గారు ఫైలు పట్టుకుని వచ్చారు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం కింద ఆర్డీఓ గారు విచారణ చేస్తున్నారు. అది రుజువైతే దండాసికి విముక్తి పత్రం ఇస్తారు. ఆ పత్రం ఉంటే ఆరు కుటుంబాల అడ్వాన్సులూ రద్దయిపోతాయి. కోర్టులో కూడా ఇది తప్పించుకోవడానికి పడ్డ పాటు అని చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. పత్రం రాకపోతే అతను తాళాల కోసం కాపలాదారు తల పగలగొట్టిన దొంగ. హత్యాయత్నం, దోపిడీ. ఏళ్ళకి ఏళ్ళు లోపలే.

"మిగతా కుటుంబాలు భయపడి రావడం లేదమ్మా. అతని కాలికి మచ్చ ఉంది కానీ అది ఎప్పటిదో ఎవరు చెబుతారు? మీ ఆసుపత్రి కాగితమే దిక్కు" అని ఆయన రిమాండు పరీక్ష పత్రం తీసి చూపించారు. తాజా గాయాలు లేవు. కింద మా రిజిస్టరు నకలు. నా చేతిరాత. తోటి పనివాడు.

ఆయనకి అప్పుడే చెప్పేయాల్సింది. "డాక్టరు గారిని అడిగి చెబుతాను" అన్నాను.

డాక్టరు గారు మంచివాడే, చిన్నవాడు. తల పట్టుకుని కూర్చున్నారు. "సిస్టర్, చీటీ లేకుండా డ్రెస్సింగు చేశానంటే మీకు మెమో. కట్టు విప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చానని నాకు మెమో. పైగా వాళ్ళ లాయరు, రెండు నెలల తరువాత మీకెలా గుర్తొచ్చిందని అడుగుతాడు. మనం నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు" అన్నారు. నిజమే. ఎవరికీ తెలియదు. ఆ పేలిక ఏనాడో కాలిపోయింది.

ఆ శుక్రవారం మందులు ఇవ్వడానికి మేడ మీదకి వెళితే మాస్టారూ హెడ్డు గారూ మళ్ళీ అదే పాట. మాస్టారు నన్ను చూసి, "నువ్వు సెప్పమ్మా, ఆ రోజు దగ్గరుండి సూసినదానివి. స్వాతంత్ర్య యోధుడంటావా, కాదంటావా?" అన్నారు.

నాకు సర్రున వచ్చేసింది.

"ఏ దెబ్బకి మాస్టారూ? మొదటిదానికా, రెండోదానికా?" అన్నాను. "మొదటి దెబ్బతో తాళాలు వచ్చినాయి, ఆరిళ్ళవాళ్ళు బయటపడినారు. దానికి మీరు ఇగ్రహం కట్టుకోండి, నేను దండ తెస్తాను. రెండో దెబ్బతో కన్ను పోయింది. అది ఎందుకో కొట్టినవోడే తెల్దంటన్నాడు, మీకెలా తెలిసింది? ఎర్రయ్య వారంవారం కింద కుర్చీలో కూకుంటన్నాడు. మీరు మేడ దిగి ఒక్కసారి ఆ కంటి గుంట చూసి, అప్పుడు చెప్పండి బిరుదు."

హెడ్డు గారు గెలిచినట్టు నవ్వబోయారు. ఆయన్నీ వదల్లేదు.

"మీరూ వినండి హెడ్డు గారూ. చట్టం ఉంది, వచ్చి చెప్పుకోవాల అన్నారు కదా. వచ్చినాడు. నా గదిలో నా కుర్చీలో కూకుని కాలు చాపి చూపించినాడు. నేను చూసినాను, కట్టినాను, రాయలేదు. మీ పక్కన నిలబెడితే డాక్టరు గారు చూడలేదు, మీరు విప్పమనలేదు. అతను చట్టం దగ్గరకి నడిచి వచ్చినాక మనం ముగ్గురం చేసిన నిర్వాకం ఇది."

అంటున్నప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆ కోపం వాళ్ళ మీద కాదని. కిందకి వచ్చి ఆఫీసరు గారికి ఫోను చేశాను.

విచారణ జూలైలో, ఆర్డీఓ గారి ఆఫీసులో. బల్లకి ఒక పక్క యజమాని తరఫు లాయరు గారు, ఇంకో పక్క పోలీసు కాపలాతో దండాసి. వెనక బెంచీ మీద యజమాని మనుషుల మధ్య ఎర్రయ్య, లచ్చమ్మ. నేను నిలబడి చెప్పాను. గాయం చుట్టూతా ఉంది, ఒకదాని మీద ఒకటిగా తెగి ఉంది, తుప్పు ఉంది, అదే రోజు కూడా రాపిడి తగిలి ఉంది. కట్టు నేనే కట్టాను. రాయలేదు. రాయకపోవడం నా తప్పు.

లాయరు గారు లేచారు. "రాయని గాయం మూడు నెలల తరువాత ఇంత వివరంగా గుర్తుందా మీకు?"

"రాసి ఉంటే మరిచిపోయేదాన్నండి. రాయలేదు కాబట్టే గుర్తుంది."

"ముద్దాయి మీకు బంధువా? లేక మీ దృష్టిలో గొప్ప విప్లవ వీరుడా?"

మళ్ళీ అదే. ఆ బల్ల దగ్గర కూడా అదే. "నేను నర్సునండి. నా దగ్గరకి ఆ రోజు ఇద్దరు దెబ్బలతో వచ్చారు. ఒకరివి రాశాను, ఒకరివి రాయలేదు. అది చెప్పడానికి వచ్చాను" అన్నాను.

లాయరు గారు ఆర్డీఓ గారి వైపు తిరిగి, కాగితం లేదు, సాక్షి లేడు, ఒక ఉద్యోగిని మాట తప్ప ఏమీ లేదు అన్నారు. నేను వెనక్కి తిరిగి ఎర్రయ్యని చూడలేదు. డ్రెస్సింగు కుర్చీలో అతను చెప్పిన మాట బయటపెట్టడం నా పని కాదు. ఆ పొద్దున్నంతా దాని గురించే నాలో నేను కొట్టుకున్నాను. ఆర్డీఓ గారే, బెంచీ మీద నల్ల కళ్ళద్దాలతో ఉన్న మనిషి ఎవరని అడిగారు. చెప్పారు. "నువ్వు కాపలాదారువి కదా. గొలుసు ఉండేదా, లేదా?" అని సూటిగా అడిగారు.

ఎర్రయ్య లేచాడు. యజమాని తాలూకు మనిషి అతని మోచేయి పట్టుకున్నాడు. లచ్చమ్మ ఆ చేతిని తీసేసింది. ఆమె ఎందుకు అలా చేసిందో నేను తరువాత అడిగితే, "ఆయన్ని పట్టుకుని నడిపించీది నానే కదమ్మా, ఆడెవడు" అని మాత్రం అంది.

"ఉన్నాది బాబూ" అన్నాడు ఎర్రయ్య. "నానే ఏసీవోణ్ణి. నా కన్ను పోయిందీ నిజమే. రెండూ రాసుకోండి. ఒకటి రాసి ఒకటి ఒగ్గీకండి."

దండాసి తల ఎత్తలేదు. ఆర్డీఓ గారి గుమాస్తా రెండూ రాసుకున్నాడు.

విముక్తి పత్రం వచ్చింది. అడ్వాన్సులు రద్దయ్యాయి. సెప్టెంబరులో దండాసికి బెయిలు వచ్చింది. కొట్టిన కేసు పోలేదు, పోకూడదు కూడా, అది ఇప్పటికీ వాయిదాల మీద నడుస్తూనే ఉంది. బట్టీ యజమాని మీద కూడా కేసు పెట్టారు, అది ఇంకా నెమ్మదిగా నడుస్తోంది. ఎర్రయ్యకి మందులు కొనేవాళ్ళు లేరు కాబట్టి మా స్టోర్సులో ఉన్నంతవరకు మేమే ఇచ్చాం, చీటీ మీద రాసి. నాకూ డాక్టరు గారికీ మెమోలు వచ్చాయి. ఆయన కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. తరువాత ప్రతి రిమాండు పరీక్షకీ కట్లు విప్పించడం మొదలుపెట్టారు. ఒకరోజు హెడ్డు గారే ఒక ముద్దాయిని కూర్చోబెట్టి "బూట్లు తీయవోయ్, డాక్టరు గారు కాళ్ళు సూడాల" అనడం విన్నాను.

కూర్మారావు మాస్టారు ఆ ప్రశ్న నన్ను మళ్ళీ అడగలేదు. ఒక మంగళవారం మాత్రం మిషను ఎక్కేముందు కింద నా గదిలోకి వచ్చి, ఎర్రయ్య పక్కన స్టూలు మీద అరగంట కూర్చుని సముద్రం కబుర్లు అడిగి వెళ్ళారు.

నన్ను మాత్రం ఇంకా అడుగుతూనే ఉంటారు. కొత్తగా వచ్చే నర్సు పిల్లలకి ఈ కేసు చెబితే చివర వాళ్ళూ అదే అడుగుతారు, ఇంతకీ వాడు మంచోడా చెడ్డోడా మేడమ్ అని. విసుగొస్తుంది. గొలుసు తెంచుకోవడానికి చెయ్యెత్తినవాణ్ణి ఉగ్రవాది అనేవాళ్ళ మీద నాకు గౌరవం లేదు, వాళ్ళు ఆ కాలు చూడలేదు. పోయిన కంటిని లెక్కలోంచి తీసేసి పొగిడేవాళ్ళ మీదా లేదు. దండాసికి తను చేసింది ఏమిటో వాళ్ళందరికంటే బాగా తెలుసు. అందుకే రైలు ఎక్కలేదు. నాకు తెలిసింది ఒక్కటే. పేషెంటుని తీసుకొచ్చిన ప్రతి మనిషినీ ఇప్పుడు నేను "నీకేమైనా తగిలిందా?" అని అడుగుతాను. లేదన్నా సరే, పై నుంచి కింద దాకా ఒకసారి చూస్తాను. చీటీ లేని కట్టు కట్టను. ఆయమ్మలు నన్ను రూల్సు మేడమ్ అంటారని తెలుసు, అననీ.

ఆ నవంబరులో, పలాస కోర్టులో వాయిదాకి వచ్చి, దండాసి మా ఆసుపత్రికి వచ్చాడు. చీలమండ దగ్గర ఒకచోట ఇంకా మానలేదు. పెళ్ళాం ఎలా ఉందంటే బాగుందన్నాడు. ఎర్రయ్య కన్ను సంగతి అడిగాడు. చెప్పాను. విని తల దించుకున్నాడు.

నేను సెలైన్ సీసా తీసి, స్టూలు ముందుకి లాగి, "కాలు పెట్టు" అన్నాను. అతను పెట్టలేదు. గంటసేపు లైనులో నిలబడి తెచ్చుకున్న ఓపీ చీటీని చొక్కా జేబులోంచి తీసి, మడత విప్పి, నా బల్ల మీద చేత్తో సాపు చేసి పెట్టాడు.

"ముందు రాయండమ్మా" అన్నాడు. "కట్టు తరవాత కడుదురు గాని."